తెరకూ వార్డుకూ మధ్య అతుకు: నర్సింగ్, మిడ్‌వైఫరీ (ప్రసవ సేవల) టీచర్లకు నేర్పాల్సింది ఏమిటి?

2020 మార్చిలో కాలేజీలు మూతపడినప్పుడు నర్సింగ్ టీచర్లకు అందిన శిక్షణ చాలాచోట్ల ఒకే తీరుగా సాగింది. మీటింగ్ లింకు ఎలా తయారుచేయాలి, స్లైడ్లు తెర మీద ఎలా చూపించాలి, హాజరు ఎలా తీసుకోవాలి, ముప్ఫై మంది మైకులు ఒకేసారి ఎలా ఆపాలి. ఆ రోజుల్లో అంతకు మించి ఆశించడం అన్యాయం. అయితే అమెరికాలో కొందరు విద్యా పరిశోధకులు అదే నెలలో ఒక తేడాను స్పష్టంగా చెప్పారు: ఆపద సమయంలో పాఠాన్ని తెర మీదికి ఎక్కించడం వేరు, ఆన్‌లైన్ కోసమే పాఠాన్ని రూపొందించడం వేరు. మొదటిది వారంలో నేర్చుకోవచ్చు. రెండోదానికి నెలలు పడుతుంది. కాలేజీలు తెరుచుకుని ఇన్నేళ్లయినా 'ఆన్‌లైన్ బోధన శిక్షణ' అనగానే ఇప్పటికీ మొదటిదే చాలామందికి గుర్తుకొస్తుంది.

నర్సింగ్ విద్యలో ఈ పొరపాటు మిగతా చదువుల్లో కంటే ఖరీదైనది. దానికి కారణం సిలబస్‌లోనే కనిపిస్తుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో నోటిఫై చేసిన సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలో మొదటి సెమిస్టరు నర్సింగ్ ఫౌండేషన్‌కు 120 గంటల థియరీ, 80 గంటల ల్యాబ్, 160 గంటల క్లినికల్ పని ఉన్నాయి. అంటే 360 గంటల్లో తెర మీదికి తేలిగ్గా వెళ్లగలిగేది మూడో వంతు. ఐరోపా సమాఖ్య నిబంధన కూడా ఇదే చెబుతుంది: సాధారణ నర్సు శిక్షణ కనీసం 4,600 గంటలు, అందులో సగమైనా రోగుల దగ్గర. మన యూజీసీ 2020 నిబంధనలు నర్సింగ్‌ను పూర్తిగా ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో నడపకూడని కోర్సుల జాబితాలో పెట్టాయి. కాబట్టి ఇక్కడ సాధ్యమయ్యేది హైబ్రిడ్, అంటే కొంత తెర మీద, కొంత వార్డులో నడిచే బోధన ఒక్కటే. హైబ్రిడ్ విషయంలో తెర మీద ఏం జరుగుతోందన్నదీ, వార్డులో ఏం జరుగుతోందన్నదీ విడివిడిగా చూస్తే అసలు సమస్య కనిపించదు. ఆ రెండూ కలిసే అతుకు దగ్గరే పాఠం చినుగుతుంది. టీచర్లకు నేర్పాల్సింది ఆ అతుకు వేయడం.

ఎమ్మెస్సీ నర్సింగ్ చదివిన ఎవరికైనా లెసన్ ప్లాన్ గుర్తుంటుంది. సమయం, లక్ష్యం, విషయం, బోధన పద్ధతి, ఏవీ ఎయిడ్స్ (దృశ్య, శ్రవణ ఉపకరణాలు), మూల్యాంకనం అంటూ నిలువు గళ్ల పట్టిక. చార్టులు, ఫ్లాష్ కార్డులు, ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ కాలంలో పుట్టిన పట్టిక అది. దాన్ని తీసిపారేయాల్సిన అవసరం లేదు. నిజానికి చాలా విశ్వవిద్యాలయాల లెక్చరర్లకు లేని క్రమశిక్షణ నర్సింగ్ టీచర్లకు దాని వల్లే వచ్చింది. చిక్కల్లా ఏమిటంటే, 2020 తర్వాత 'ఏవీ ఎయిడ్స్' గడిలో చార్టు తీసేసి జూమ్ అని రాశారు. మిగతా గడులు ఎప్పటిలాగే ఉండిపోయాయి. తెర మారినప్పుడు బోధన పద్ధతి గడి మారాలి, మూల్యాంకనం గడి మారాలి, 'ఈ పాఠం వార్డులో ఎక్కడ తేలుతుంది' అనే కొత్త గడి రావాలి. అంతర్జాతీయ పత్రాల్లోనూ ఈ వెలితి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో నర్సు అధ్యాపకులకు ఉండాల్సిన సామర్థ్యాలను ఎనిమిది విభాగాలుగా ప్రకటించింది. వయోజన విద్య సూత్రాలు, పాఠ్యప్రణాళిక, నర్సింగ్ పని, పరిశోధన, నైతికత వగైరా. డిజిటల్ బోధనకు అందులో ప్రత్యేకంగా విభాగం లేదు. అదే సంస్థ 2021లో వెలువరించిన వ్యూహ పత్రం వచ్చేసరికి అధ్యాపకులకు బోధన పద్ధతుల్లోనూ సాంకేతికతలోనూ శిక్షణ ఉండాలని, దానితోపాటే చెప్పే విషయంలో క్లినికల్ నైపుణ్యం కూడా ఉండాలని రాశారు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండాలన్నది అందులోని కీలకమైన మాట.

ఒక్క పాఠాన్ని దగ్గరగా చూస్తే ఈ మాట ఎందుకు కీలకమో తెలుస్తుంది. ప్రసవ నొప్పుల పర్యవేక్షణను తీసుకుందాం. తరాలుగా దీన్ని పార్టోగ్రాఫ్‌తో చెబుతున్నారు. గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుందో గుర్తుపెట్టే గళ్ల కాగితం, గంటకు ఒక సెంటీమీటరు చొప్పున పైకి పోయే హెచ్చరిక గీత, దానికి నాలుగు గంటలు కుడివైపున చర్య గీత. 2020 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ లేబర్ కేర్ గైడ్ అనే కొత్త నమోదు పత్రం విడుదల చేసి ఆ గీతలను పక్కన పెట్టింది. చురుకైన దశ ఇప్పుడు 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుంది. ఆ తర్వాత ఒక్కో మెట్టుకు ఒక్కో గడువు, అంతసేపూ అక్కడే ఉండిపోతే హెచ్చరిక: 5 దగ్గర 6 గంటలు, 6 దగ్గర 5, 7 దగ్గర 3, 8 దగ్గర రెండున్నర, 9 దగ్గర 2.

ఈ అంకెలను స్లైడు మీద పెట్టి చదివితే పావుగంటలో అయిపోతుంది. విద్యార్థినులు స్క్రీన్‌షాట్ తీసుకుంటారు, పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. ఆన్‌లైన్ కోసం పాఠం తయారుచేయడం తెలిసిన టీచర్ దీన్ని ఇంకోలా నడుపుతారు. తొలికాన్పు గర్భిణి. ఉదయం 10 గంటలకు గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకుంది. నొప్పులు పది నిమిషాలకు మూడు. బిడ్డ గుండె చప్పుడు నిమిషానికి 138. ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. ప్రతి విద్యార్థినీ తన ముందున్న కాగితం మీద గైడు నింపి ఫోటో పంపాలి. ఆ తర్వాత మధ్యాహ్నం 2 గంటల పరీక్ష వివరాలు వస్తాయి: ముఖద్వారం 6 సెంటీమీటర్లు, గుండె చప్పుడు 162. ఇప్పుడు ఏం చేయాలి? పేర్లు కనిపించకుండా ఓటు.

పాత పార్టోగ్రాఫ్ అలవాటున్నవారు వెంటనే హెచ్చరిక గీత దాటిందంటారు. నిజమే, ఆ గీత ప్రకారం 2 గంటలకు 9 సెంటీమీటర్లు ఉండాలి. కొత్త గైడు చదివినవారు కాదంటారు. 5 దగ్గర ఆరు గంటల గడువు ఉండగా నాలుగు గంటల్లోనే 6కి వచ్చింది, ప్రసవం ముందుకు సాగడంలో హెచ్చరిక ఏమీ లేదు. ఈ వాదన బాగా వేడెక్కనిచ్చి టీచర్ ఒక ప్రశ్న వేస్తారు: 162ను ఎవరు గుర్తుపెట్టారు? గైడులో 160, అంతకు మించిన గుండె చప్పుడు హెచ్చరిక గడిలోకి వస్తుంది. సెంటీమీటర్ల మీద తగాదాలో అది చాలామంది కళ్లు దాటిపోయి ఉంటుంది. ఇంకో ప్రశ్న: తోడు ఎవరున్నారు, ఆమె ఏమైనా తాగిందా, ఏ భంగిమలో ఉంది? ఆ వరుసలు చాలా కాగితాల్లో ఖాళీగా ఉంటాయి. కొత్త గైడు పాతదానికంటే మెరుగని చెప్పడానికి ప్రధాన కారణం ఆ వరుసలే.

ఇలాంటి పాఠం నడపడానికి కావాల్సినవి ఏ సాఫ్ట్‌వేర్ శిక్షణలోనూ దొరకవు. కేసును ఎక్కడ ఆపాలో తెలియాలి. ఏ తప్పు జవాబు ఎందుకు వస్తుందో ముందే ఊహించగలగాలి. దానికి టీచర్ ఈ మధ్యకాలంలో లేబర్ రూమ్‌లో నిలబడి ఉండాలి. ఓటులో ఓడినవారు మౌనంలోకి జారిపోకుండా చర్చ నడపాలి. ఇంతా చేసి అక్కడితో ఆపితే అది చక్కటి ఆన్‌లైన్ క్లాసు మాత్రమే. మర్నాడు లేబర్ రూమ్ పోస్టింగ్‌లో అదే గైడును ఆ విద్యార్థిని నిజమైన గర్భిణి పక్కన, డ్యూటీ నర్సు చూస్తుండగా నింపాలి. ఆ వార్డులో ఇంకా పాత పార్టోగ్రాఫే వాడుతుంటే రెండిటి మధ్య ఏం చేయాలన్నది టీచర్ ముందే ఆ వార్డు సిస్టర్‌తో మాట్లాడి ఉండాలి. సాయంత్రం ఇరవై నిమిషాలు మళ్లీ తెర మీద కలిసి, వార్డులో ఏం తేడా కనిపించిందో చెప్పించాలి. అతుకు అంటే ఇదే.

తెర మీదికి ఎక్కని విషయాలూ ఉన్నాయి. వాటిని ఎక్కించాలని చూడకపోవడం కూడా ఒక నైపుణ్యమే. గర్భిణి పొట్ట తడిమి బిడ్డ ఎలా ఉందో తెలుసుకునే పరీక్షలో చేతులు ఎక్కడ పెట్టాలో వీడియో బ్రహ్మాండంగా చూపిస్తుంది. అరచేతి కింద గట్టిగా, గుండ్రంగా తగిలేది తల, మెత్తగా తగిలేది పిరుదులు అని వినడం వేరు, అలా తగలడం వేరు. 1990లో జార్జ్ మిల్లర్ వైద్య విద్యలో అంచనాకు నాలుగు అంతస్తులు చెప్పారు: తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపగలరు, నిజంగా చేస్తారు. మొదటి రెండిటికీ తెర చాలు. మూడోది స్కిల్ ల్యాబ్‌లో, కొంతవరకు విద్యార్థిని పంపే వీడియోలో. నాలుగోది వార్డులోనే. ఒక పాఠంలోని ముక్కలను ఈ నాలుగు అంతస్తులకు పంచడం టీచర్ల శిక్షణలో తొలివారం అభ్యాసం కావాలి.

సిమ్యులేషన్ (రోగికి బదులు బొమ్మల మీద చేయించే అభ్యాసం) సంగతికి వస్తే, యాజమాన్యాలు ఇష్టంగా ఉటంకించే అధ్యయనం ఒకటుంది. అమెరికాలో రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 2014లో ప్రచురించింది. పది నర్సింగ్ విద్యాసంస్థల్లో విద్యార్థులను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు మామూలు క్లినికల్ పని, మిగతా రెండిటికి క్లినికల్ గంటల్లో 25 శాతం, 50 శాతం సిమ్యులేషన్ ఇచ్చారు. చివరికి జ్ఞానంలోనూ, పనిలోనూ, లైసెన్సు పరీక్షలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్ని పట్టుకుని 'సగం వార్డు పని బొమ్మల మీద చేయిస్తే చాలు' అంటారు. ఆ అధ్యయనంలో పాల్గొన్న అధ్యాపకులకు సిమ్యులేషన్‌లోనూ, ఆ తర్వాత జరిపే సమీక్ష చర్చ (డీబ్రీఫింగ్) లోనూ ప్రత్యేక శిక్షణ ఇచ్చారన్న సంగతి మాత్రం ఉటంకింపుల్లో జారిపోతుంది. బొమ్మ కొనడానికి బడ్జెట్ దొరుకుతుంది. బొమ్మ పక్కన నిలబడి 'ఆ క్షణంలో నీకు ఏం తట్టింది, ఎందుకు ఆగావు' అని అడగడం నేర్చుకోవడానికి మాత్రం దొరకదు. మిడ్‌వైఫరీలో ఇది మరీ చోద్యం. మామానటాలీ అనే ప్రసవ శిక్షణ పరికరాన్ని చూస్తే, దాన్ని ఒక మనిషి నడుముకు కట్టుకోవాలి. ఆ మనిషే బిడ్డను బయటికి నెడతారు, రక్తస్రావం ఎంత ఉండాలో నిర్ణయిస్తారు, నొప్పులు పడుతూ విద్యార్థినితో మాట్లాడతారు. ఆ పాత్ర టీచర్‌కు రాకపోతే పరికరం అలమారాలో ఉన్నట్టే. బ్రిటన్‌లో నర్సింగ్, మిడ్‌వైఫరీ మండలి 2023లో నర్సు విద్యార్థుల 2,300 గంటల ప్రాక్టీసులో 600 గంటల వరకు సిమ్యులేషన్‌కు అనుమతించింది. సగం అనలేదు, గమనించాలి.

ఇక ఫోను. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-20లో మన రాష్ట్రాల్లో వివరాలు సేకరించినప్పుడు 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. నర్సింగ్ విద్యార్థినులు ఈ సగటు కంటే చిన్నవారు, చదువుకున్నవారు. ఆ తర్వాత పరిస్థితి చాలా మారింది కూడా. అయినా ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం అనే డిగ్రీకి దిగువ నర్సింగ్ కోర్సులకు వచ్చేవారి ఇళ్లు ఎలాంటివో ఆ అంకె కొంత చెబుతుంది. పాడేరు మన్యం వైపు నుంచి వచ్చిన విద్యార్థినికి గంటన్నర లైవ్ క్లాసు అంటే అరగంట తర్వాత మాట తెగిపోవడమే. ఎనిమిది నిమిషాల ఆడియో, రెండు పేజీల కేసు, రాత్రి వరకు గడువున్న ఒక ప్రశ్న అయితే ఆమె మిగతావారితో సమానంగా నిలబడుతుంది. లైవ్‌లో ఏం ఉండాలి, ఎవరి తీరికకు వారు చూసుకునేలా ఏం పంపాలి అన్నది సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, నిజానికి ఎవరు వెనకబడతారన్న ప్రశ్న.

భాష ఇంకో ముడి. పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు, రోగి తెలుగు. క్లాసులో ఎదురుగా ఉన్న ముఖాల మీద అయోమయం కనిపించగానే మన టీచర్లు అప్రయత్నంగా తెలుగులోకి వచ్చేస్తారు. కెమెరాలు ఆపేసిన నలభై నల్లటి గడులకు ముఖాలు ఉండవు. దాంతో పాఠం మొదటి నుంచి చివరి వరకు స్లైడ్ల ఇంగ్లీషులో సాగిపోతుంది. ఎక్కడ ఆగి తెలుగులో మళ్లీ చెప్పాలో పాఠం తయారీలోనే రాసుకోవాలి. అంతకంటే మంచిది, రోగితో మాట్లాడే భాగాన్ని తెలుగులోనే ఆడించడం. రక్తపోటు ఎక్కువుందని ఒక గర్భిణికీ, ఆమె అత్తగారికీ ఎలా చెబుతారో ఒక నిమిషం ఆడియో పంపమంటే, ఏ రాతపరీక్షా పట్టుకోలేని లోపాలు బయటపడతాయి.

హైబ్రిడ్‌లో నిజమైన బరువు ఎవరి మీద పడుతుందో కెన్యా అనుభవం చెబుతుంది. ఆ దేశంలో సర్టిఫికెట్ స్థాయి నర్సులు 20 వేలకు పైగా ఉండేవారు. వారిని డిప్లొమా స్థాయికి పెంచాలంటే హాస్టళ్లలో పెట్టి చదివించే పాత పద్ధతిలో వందేళ్లు పట్టేది. 2005లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్, ఆమ్రెఫ్ అనే ఆఫ్రికా ఆరోగ్య సంస్థతో కలిసి ఈ-లెర్నింగ్ కార్యక్రమం మొదలుపెట్టింది. ఇంటర్నెట్ అందని చోట్ల సీడీల మీద పాఠాలు ఇచ్చారు. నర్సులు ఉద్యోగం మానకుండా తమ ఆసుపత్రుల్లోనే చదువుకున్నారు. అక్కడ పాఠం చెప్పేది కంప్యూటర్ అయినా, పక్కన నిలబడి చేయించేది ఆ ఆసుపత్రిలోని అనుభవజ్ఞులే. అంటే దూరం పెరిగేకొద్దీ వార్డులో ఉన్న నర్సే సగం టీచర్ అవుతుంది. ఆమెకు మాత్రం మనం ఏ శిక్షణా ఇవ్వం. విద్యార్థినులు చేసిన పనులు రాసుకునే లాగ్‌బుక్‌లో సంతకం కావాలంటే ఆమె దగ్గరికే వెళతాం. కాబట్టి కాలేజీ టీచర్‌కు ఇచ్చే శిక్షణలో వార్డు సిస్టర్‌కూ చోటుండాలి. ఇద్దరూ ఒకే కేసును, ఒకే చెక్‌లిస్టును పట్టుకుని నాలుగు సార్లయినా కలిసి పనిచేయాలి.

మనకు దగ్గరి నమూనా ఒకటి ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో హైదరాబాద్‌కు చెందిన ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ సహకారంతో ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. 2018 డిసెంబరులో కేంద్రం వెలువరించిన మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు కూడా 18 నెలల కోర్సునే ఎంచుకున్నాయి. కోర్సుకు ముందు దాన్ని నేర్పే అధ్యాపకులను తయారుచేయాలన్నాయి. చూడటానికి మామూలు మాటే గానీ, మన విద్యా పథకాల్లో అరుదైన క్రమం ఇది. సాధారణంగా కోర్సు ముందు వస్తుంది, విద్యార్థులు తర్వాత వస్తారు, టీచర్ గురించి ఆలోచన ఎప్పటికో వస్తుంది.

మరి హైబ్రిడ్ బోధనకు టీచర్‌ను ఎలా తయారుచేయాలి? రెండు రోజుల వర్క్‌షాపు, చివర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో అన్న నమూనాతో కాదు. మొట్టమొదట టీచరే కొన్ని వారాలు ఆన్‌లైన్ విద్యార్థి కావాలి. రాత్రి డ్యూటీ దిగి, పిల్లలకు అన్నం పెట్టి, పదింటికి అసైన్‌మెంట్ తెరిచినప్పుడు 'సూచనలు స్పష్టంగా లేవు' అన్న చికాకు ఆమెకు స్వయంగా తగలాలి. ఆ తర్వాత తాను ఎలాగూ చెప్పాల్సిన పాఠాల్లోంచే ఒకటి ఎంచుకుని తిరిగి కట్టాలి. కల్పిత పాఠం వద్దు. దాన్ని నిజమైన విద్యార్థులకు చెబుతుండగా తోటి టీచర్ ఒకరు చూడాలి. చూసినవారు ఏం రాయాలన్నది కూడా ముఖ్యం. 'నెట్ బాగుంది, స్లైడ్లు బాగున్నాయి' అన్న పరిశీలన ఎందుకూ కొరగాదు. ఎంతమంది విద్యార్థులు సొంతంగా ఒక నిర్ణయం చెప్పారు, తప్పు చెప్పినవారికి ఏం జరిగింది, వార్డుకు ఏ పని అప్పగించారు అన్నవి రాయాలి. నెలకొక పాఠం చొప్పున ఒక సెమిస్టరు అంతా ఇది సాగితే అలవాటు పడుతుంది.

గోప్యత గురించి ఒక మాట తప్పదు. వార్డులోంచి విద్యార్థినులు వాట్సాప్ గ్రూపులో పెట్టే ఫోటోల్లో కేస్‌షీటు మీద పేరు, మంచం నంబరు, కొన్నిసార్లు ముఖమే కనిపిస్తాయి. హైబ్రిడ్ బోధన ఇలాంటి ఫోటోలను పెంచుతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని అధ్యాపకులు అధ్యాయాలవారీగా చదవనక్కర్లేదు. ఖాళీ కాగితం మీద వివరాలు మార్చి రాసి, ఆ కాగితం ఫోటో పంపించే పద్ధతి నేర్పితే చాలావరకు సరిపోతుంది.

ఇవన్నీ టీచర్ చేతిలో ఉన్నవి. ఆమె చేతిలో లేనిది సమయం. గంట లెక్చర్‌కు స్లైడ్లు ఉంటే చాలు. పైన చెప్పిన ప్రసవం కేసు లాంటిది తొలిసారి తయారుచేయడానికి దాదాపు ఒక పనిదినం పడుతుంది. టైమ్‌టేబుల్‌లో మాత్రం రెండూ ఒకే గంట. వార్డు సిస్టర్‌తో మాట్లాడిన సమయానికి, సాయంత్రం నలభై ఫోటోలు చూసి జవాబు రాసిన సమయానికి ఎక్కడా లెక్క ఉండదు. పైగా పాఠం ఒకసారి రికార్డయిందంటే టీచర్‌కు తీరిక దొరికిందన్న భావన ఆఫీసు గదిలో మొదలవుతుంది. నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం పదిమంది విద్యార్థులకు ఒక టీచర్ ఉండాలి. రికార్డింగుల పేరుతో ఆ నిష్పత్తి కాగితానికే పరిమితమైన చోట ఎంత గొప్ప శిక్షణ ఇచ్చినా టీచర్ స్లైడ్లకే తిరిగి వెళుతుంది, వెళ్లడం సహజం కూడా.

తనిఖీకి వచ్చే బృందాలు గదులు కొలుస్తాయి, లైబ్రరీ పుస్తకాలు, ల్యాబ్‌లో బొమ్మలు లెక్కపెడతాయి, అధ్యాపకుల సర్టిఫికెట్లు చూస్తాయి. అదే రోజు గత నెలలో నడిచిన హైబ్రిడ్ పాఠం ఒకటి తెరిపించి, దాని తయారీకి టీచర్‌కు కేటాయించిన గంటలు టైమ్‌టేబుల్‌లో చూపించమనాలి. ఆ పాఠం విన్నాక వార్డుకు వెళ్లిన ఇద్దరు విద్యార్థినులతో, వారి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టిన నర్సుతో విడివిడిగా పది నిమిషాలు మాట్లాడాలి. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. తనిఖీ ఫారంలో ఒక పేజీ చేరిస్తే చాలు.